బుల్లి ఆకులోకి డంప్లింగులు: పూడిమడక మీదుగా రాంబిల్లికి ఒక రోజు ప్రయాణం

బుల్లీ, నీ పేజీలో ఈసారి నేను రాస్తున్నాను. కోప్పడకు.

కొత్తగా చదివేవాళ్ళకి తెలియాలి కాబట్టి మొదట ఇది చెబుతాను. బుల్లి మా అమ్మాయి. అచ్యుతాపురం దగ్గర ఒక కంపెనీలో పనిచేసేది. ఆదివారం వచ్చిందంటే బస్సెక్కి చుట్టుపక్కల ఏదో ఒక ఊరు చూసొచ్చి, ఎలా వెళ్ళిందో, ఎంతైందో, అక్కడ ఏం తిన్నదో ఈ పేజీలో రాసేది. పోయిన ఏడు వానాకాలంలో జ్వరం వచ్చింది. ఆసుపత్రి నుంచి మళ్ళీ ఇంటికి నడిచి రాలేదు. దాని ఫోను ఇప్పుడు నా దగ్గర ఉంది. "అక్కా, ఏమీ రాయడం లేదేం?" అని మీలో కొందరు ఇంకా అడుగుతున్నారు. నేను ఏడో తరగతితో బడి మానేసినదాన్ని, ఒక్కొక్క అక్షరం వెతుక్కుని కొడతాను. అయినా దాన్ని అడిగినవాళ్ళకి జవాబు చెప్పాల్సింది నేనే. అందుకని ఆ సంగతి చెబుతూ, దాని కోసం నేను చేసిన ప్రయాణం కూడా రాస్తున్నాను. ఎలా వెళ్ళాలో, ఎంతవుతుందో అది రాసినట్టే రాస్తాను.

బుల్లి కంపెనీకి మిషన్లు బిగించడానికి కొందరు చైనావాళ్ళు వచ్చి కొన్నాళ్ళు ఉన్నారు. వాళ్ళ కోసం క్యాంటీనులో డంప్లింగులు చేసేవారట. మా పిల్ల ఒకసారి తిని, ఇక వాటి మాటే మాట్లాడేది. "మోమోలు కావమ్మా, అవి వేరు. వీటికి అడుగున అట్టులాగ కరకరలాడతాది, పైన ఇడ్లీలాగ మెత్తగుంటాది, లోపల రొయ్యల కూర" అని చేతులు తిప్పి తిప్పి చెప్పేది. ఇంటికి తెచ్చేసరికి చల్లారి సాగిపోతాయని ఎప్పుడూ తేలేదు. సెలవు పెట్టి ఇంట్లో చేసి చూపిస్తానంది. అది చెయ్యకుండానే పోయింది. అందువల్ల నేను వాటిని కళ్ళతో చూసింది లేదు, నోటితో తిన్నది లేదు.

మా ఇళ్ళల్లో మనిషి పోయిన ఏడాదికి అరిటాకు వేసి, ఆ మనిషికి ఇష్టమైనవన్నీ వండి పెడతాం. చేపా మాంసం కూడా పెడతాం. కట్టుబాట్లు రెండే. కొని తెచ్చింది పెట్టకూడదు, ఆ ఇంటి పొయ్యి మీద వండిందే పెట్టాలి. ఆకులో పెట్టేదాకా ఎవరూ ఎంగిలి పడకూడదు, ఉప్పు చూడ్డానికి కూడా నాలిక మీద వేసుకోకూడదు. బుల్లి ఏడాది దగ్గర పడుతుంటే ఏం వండాలా అని ఇంట్లో మాటలొచ్చాయి. వంజరం చేపల పులుసు, గారెలు, గుత్తొంకాయ అని మా ఆయనా, మగపిల్లలూ తలా ఒకటి అన్నారు. నేను డంప్లింగులు అన్నాను.

మా అత్తమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. "ఏటది? నోరు తిరగట్లేదు. పకోడీలు ఎయ్యే, దానికి అవీ ఇట్టమే గదా."

"పకోడీలూ ఏత్తాను, ఇవీ సేత్తాను అత్తమ్మా."

"నువ్వెప్పుడన్నా తిన్నావేటి? తినందాన్ని ఉప్పు సూడకుండా ఎలాగ వండుతావు?"

ఆవిడ ఎగతాళికి అనలేదు. ఈ ఇంట్లో ఎన్నో ఆకులు వేసిన మనిషి.  అయినా ఆ ఆకు అవి లేకుండా వెయ్యనని గట్టిగా అనుకున్నాను.

మొదట ఫోనులో వీడియో చూసి చేశాను. మైదా పిండి ముట్టుకుంటే నా చేతులకి వచ్చింది కజ్జికాయలే. కాగిన నూనె పోసి, గుప్పిట పడితే ముద్ద కట్టేలాగ కలిపేశాను. ఆ పిండిని నూనెలో వేయిస్తే గుల్లగా వస్తుంది. ఆవిరి మీద పెడితే ఏమవుతుందో ఇడ్లీ పాత్ర మూత తీశాక తెలిసింది. పిండి పొరలు పొరలుగా ఊడిపోయి, కూర ఇడ్లీ గుంటల్లో తేలుతోంది. అత్తమ్మ తొంగి చూసి, "ఇది ఆకులో పెట్టీదా, గిన్నెలో పోసీదా?" అంది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. పాత్ర కడిగి బోర్లించి, బుల్లి ఫోనులో ఆ క్యాంటీను వంటాయన నంబరు వెతికాను. పేరు అప్పలరాజు. ఇప్పుడు క్యాంటీను మానేసి, రాంబిల్లి దగ్గర తన ఊళ్ళో పెళ్ళిళ్ళకి వంటలు చేస్తున్నాడు. నేనెవరో, ఎందుకు చేశానో చెప్పాను. "రండమ్మా. నేర్పుతాను. రొయ్యలు మాత్తరం పూడిమడకలో మీ కళ్ళతో సూసి తెచ్చుకోండి" అన్నాడు.

ఏడాదికి ముందు రోజే వెళ్ళాను, చేతికి పట్టిన కొలత మర్నాటిదాకా మర్చిపోకుండా ఉండాలని. అనకాపల్లి ఆర్టీసీ కాంప్లెక్సులో తెల్లవారుజామున ఐదున్నరకల్లా ఉంటే పూడిమడక బస్సు దొరుకుతుంది. టిక్కెట్టు యాభై లోపే. మా ఆయన తోడొస్తానన్నారు. "మీరు అరిటాకులూ కూరగాయలూ సూడండి, నాను ఎల్లొత్తాను" అని వచ్చేశాను. ఒక మూత బిగుతుగా ఉండే స్టీలు క్యాను, పాత తువ్వాలు, అప్పలరాజుకి ఇవ్వడానికి మా ఊరి బెల్లం పట్టుకున్నాను. మునగపాక దాటాక రోడ్డుకి రెండు వైపులా చెరుకు మనిషెత్తు ఉంది. తెల్లారే వేళకి అచ్యుతాపురం జంక్షనుకి చేరాం. అక్కడ బస్సు సగం ఖాళీ అవుతుంది. మెడలో కార్డులు, చేతిలో టిఫిను సంచులతో కంపెనీ ఆడపిల్లలు బిలబిలమంటూ దిగారు. ఒకమ్మాయి దిగుతూ దిగుతూ ఇంకో అమ్మాయి జడ లాగింది. నేను కిటికీ అటువైపుకి జరిగి కూర్చుని, అల్లం, ఉల్లికాడలు, క్యాబేజీ అని కొనాల్సినవి పైకే చెప్పుకున్నాను. ఆ పిల్లల్లోకి చూస్తూ కూర్చుంటే ఆ రోజు పని కాదని నాకు తెలుసు.

పూడిమడకలో దిగి సముద్రం వైపు నడుస్తుంటే ఎండుచేపల వాసన ముందు వస్తుంది, తరవాత అలల చప్పుడు. ఏడు గంటలకి బోట్లు ఒడ్డుకి వస్తున్నాయి. ఇసకలో పట్టాలు పరిచి ఆడవాళ్ళు చేపలు రాశులు పోస్తున్నారు. ఒకావిడ దగ్గర రొయ్యలు మీసాలతో సహా నిగనిగలాడుతూ కనిపించాయి. పేరు పైడితల్లి అంది. కిలో మూడు వందల యాభై చెప్పింది.

"రొయ్యలా, బంగారమా?" అన్నాను.

"బంగారాన్ని ఉడకబెట్టుకుంటే రుసుండదమ్మా. రొయ్యే మేలు" అంది. పక్కన కూర్చున్నవాళ్ళందరూ నవ్వారు. మూడు వందలకి ఒప్పుకుని, "ఎన్ని కిలోలు?" అని తక్కెడ ఎత్తింది. ఈ రోజు నేర్చుకోవడానికి కొన్ని, రేపు అనకాపల్లిలో మా ఇంట్లో, మా అమ్మాయి ఏడాదికి ఆకులో పెట్టడానికి కొన్ని అన్నాను. ఆవిడ తక్కెడ కింద పెట్టేసింది.

"రేపటివి ఈవేళ కొనకమ్మా. ఆకులో పెట్టీది తాజాగుండాల. పొద్దున్నే నాను తట్టెత్తుకుని మీ అనకాపల్లి చేపల బజారుకే వత్తాను గదా. ఈవేల్టికి అరకిలో సాలు."

"రాకపోతే?"

"వాన పడినా వత్తాను. పిల్లది తినీదాని మీద మాట తప్పుతానేటి?"

క్యానులో అడుగున ఐసు వేసి, పైన తడి తువ్వాలు, దాని మీద రొయ్యలు సర్ది ఇచ్చింది. ఇక్కడి నుంచి రాంబిల్లికి వెళ్ళాలంటే మళ్ళీ అచ్యుతాపురం జంక్షనుకి వచ్చి షేర్ ఆటో పట్టుకుంటే చవక. నాకు ఐసు కరిగిపోతుందని భయం. సూరిబాబు అనే కుర్రాడి ఆటో నేరుగా మాట్లాడుకున్నాను. రెండు వందలు అన్నాడు. క్యాను చూసి, "పిన్నీ, నీళ్ళు కారకుండా సూసుకోండి. కారిందంటే సాయంత్రం దాకా ఊర్లో పిల్లులన్నీ నా బండెక్కుతానంటాయి" అన్నాడు. ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాను. దారిలో రాంబిల్లి సెంటర్లో ఆపితే కూరగాయలు, సోయా సాసు సీసా కొనుక్కున్నాను. తొమ్మిది అయ్యేసరికి అప్పలరాజు వాకిట్లో ఉన్నాను.

యాభై దాటిన మనిషి. భుజం మీద తుండు. వాళ్ళావిడ వరి నాట్లకి వెళ్ళిందట, ఆయనొక్కడే ఉన్నాడు. మంచినీళ్ళిచ్చి, నేను పాడుచేసిన వంట కథ మొత్తం విన్నాడు. "కజ్జికాయ పిండి కలిపేసేరు. దీనికి నూనె సుక్క తగలకూడదు. ఉప్పు సిటికెడు, నీళ్ళు, మీ సేతి బలం. అంతే" అన్నాడు. చపాతీ పిండికన్నా కాస్త గట్టిగా కలిపించాడు. చాలనుకున్నప్పుడల్లా ఇంకా పిసకమన్నాడు. చెవి తమ్మెలాగ మెత్తబడ్డాక తడిగుడ్డ కప్పి అరగంట వదిలేశాం. ఈలోపు క్యాబేజీ సన్నగా తరిగి, ఉప్పు పట్టించి, బట్టలో మూటకట్టి పిండాను. గ్లాసెడు నీళ్ళు కారాయి. రొయ్యలు ఒలిచి, వీపు మీద నల్ల నరం తీసి, కత్తితో కచ్చాపచ్చాగా కొట్టాను. అల్లం, ఉల్లికాడలు, మిరియాల పొడి, రెండు చెంచాల సాసు. చైనావాళ్ళు వేయించిన నువ్వుల నుంచి తీసిన నూనె వేస్తారట. మనకి దొరక్కపోతే నువ్వులు ఎర్రగా వేయించి దంచి కలిపితే ఆ కమ్మదనం వస్తుందని చెప్పాడు. వాసన నిజంగానే బాగుంది.

ఉప్పు దగ్గరికి వచ్చేసరికి నా గొడవ చెప్పాను. రేపు నేను రుచి చూడకూడదు.

"రుసి సూడకుండా వంటేటమ్మా?" అని నెత్తి గోక్కున్నాడు. ఆలోచించి, "అయితే ఈవేళే సూసీయండి. ఇవే పాళ్ళు, ఇదే సేరు గిన్నె. ఉప్పు మీ యేళ్ళతోటే ఎయ్యండి, నాను ముట్టుకోను. నా సెయ్యి రేపు మీ ఇంటికి రాదు గదా" అన్నాడు. మూడు వేళ్ళతో పట్టి రెండుసార్లు వేశాను.

పిండిని నిమ్మకాయంత ఉండలు చేసి, అంచులు పలచగా, నడుమ కాస్త మందంగా ఒత్తాం. ఆయన కూర పెట్టి, కుచ్చిళ్ళలాగ మడతలు వేసి చూపించాడు. నేనూ ఒకటి తీసుకున్నాను. మాటల్లో పడి చూసుకోలేదు. నా వేళ్ళు వాటి దారిన అవి పోయి, అంచుని కజ్జికాయకి పెట్టినట్టు తాడులాగ మెలి తిప్పేశాయి. అప్పలరాజు చేస్తున్న పని ఆపేశాడు.

"మీ అమ్మాయీ ఇలాగే మెలేసీది."

నేను తల ఎత్తాను.

"డ్యూటీ అయ్యేక నేర్చుకుంటానని మా వంటింట్లోకి వచ్చీది. చైనావోళ్ళలో ఒకాయన మడతలు ఎంత సూపినా ఒప్పుకోలేదమ్మా. మా అమ్మ ఇలాగే మూత్తాది, పేలిపోవు, నువ్వే నేర్చుకో అనీసి ఆయనకే పాఠం సెప్పింది. ఆ పెద్దమనిషి రెండు సేసి మూడోది సింపేసుకున్నాడు. కూరంతా సొక్కా మీద పడ్డాది. క్యాంటీనంతా ఒకటే నవ్వు. ఆయనా నవ్వేడు."

ఏడాదిలో దాని గురించి నాకు తెలియని సంగతి వినడం అదే మొదటిసారి. పోయినవాళ్ళ గురించి తెలిసినవే మళ్ళీ మళ్ళీ తలుచుకుంటాం. కొత్తవి ఇక రావనుకుంటాం. చేతిలో ఉన్నది పళ్ళెంలో పెట్టేసి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఆయన లేచి, వెలిగించని పొయ్యి దగ్గర మంట చూసుకుంటున్నట్టు అటు తిరిగి నిలబడ్డాడు. కాసేపయ్యాక చేతులు కడుక్కుని ఇంకో ఉండ తీసుకున్నాను. మిగిలినవన్నీ మెలివేసే చేశాను. ఆయన ఒక్కదానికీ వంక పెట్టలేదు.

నూనె బాగా పట్టిన పాత అట్ల పెనం మీద రెండు చెంచాల నూనె వేసి, వాటిని వరసగా పేర్చి, అడుగు ఎర్రబడనిచ్చాడు. అరగ్లాసు నీళ్ళు పోసి వెంటనే మూత పెట్టాడు. లోపల బుసబుసలాడిన చప్పుడు తగ్గి, చిటపటలు మళ్ళీ వినపడగానే మూత తీశాడు. నీళ్ళు ఇగిరిపోయాయి, పైపొర అద్దంలాగ మెరుస్తోంది. ఒకటి ఊదుకుని కొరికాను. అడుగు కరకరలాడింది. పైన మెత్తగా ఉంది. బుల్లి చేతులు తిప్పుతూ చెప్పింది ఏమిటో అప్పుడు తెలిసింది. ఉప్పు మాత్రం ఎక్కువైంది. సాసులోనూ ఉప్పుంది, క్యాబేజీకి పట్టించినదీ ఉంది, పైన నేను రెండుసార్లు వేశాను. మిగిలిన క్యాబేజీ, రొయ్యలతో రెండో వాయి కలిపి, ఈసారి ఒక్కసారే వేశాను. సరిపోయింది. అప్పలరాజు మూడు తిని, "సేతికి ఎక్కేసింది, ఇంక ఇంటికెల్లండి" అన్నాడు. డబ్బులిస్తే దండం పెట్టాడు. బెల్లం మాత్రం రెండు చేతులతో తీసుకున్నాడు. మధ్యాహ్నం షేర్ ఆటోలో అచ్యుతాపురం, అక్కడి నుంచి బస్సులో అనకాపల్లి, మూడు గంటలకల్లా ఇంట్లో ఉన్నాను.

మర్నాడు చినుకులు పడుతున్నాయి. చేపల బజారులో పైడితల్లి కూర్చునే చోటు ఎవరో చెబితే అక్కడికి వెళ్ళాను. లేదు. పక్కావిడ, "మావి తీసుకో అమ్మా, అయ్యీ రొయ్యలే" అంది. కాసేపు ఆగుతానన్నాను. జనం పలచబడుతుండగా, నెత్తిన తట్ట మీద ప్లాస్టిక్ కవరు కప్పుకుని పరుగులాంటి నడకతో వచ్చింది. "ఆటో ఆగిపోతే ఊరి బయట నుంచి నడిసేను. ఒలిసి తెచ్చేను సూడు, నీకు ఈవేళ పనెక్కువ గదా" అని పొట్లం చేతిలో పెట్టింది.

నేను వంట చేస్తున్నంతసేపూ అత్తమ్మ పీట వేసుకుని గుమ్మంలో కూర్చుంది. నా చెయ్యి మూతి వైపు వెళితే చాలు, "ఏయ్, ఎంగిలి!" అని కేకేసింది. చెమట తుడుచుకుంటున్నానని చెప్పినా నమ్మలేదు. ఉప్పు మూడు వేళ్ళతో ఒక్కసారి వేశాను. చాలదేమోనని ఇంకోసారి చెయ్యి డబ్బాలోకి వెళ్ళింది. వెనక్కి లాక్కున్నాను. పులుసు, గారెలు, గుత్తొంకాయ, పకోడీల పక్కన, ఆకు నడుమ వాటిని పెట్టాను. పొగలు వస్తూనే ఉన్నాయి. దీపం పెట్టి, మా ఆచారం ప్రకారం తలుపు దగ్గరగా వేసి అందరం బయటికి వచ్చి కూర్చున్నాం. 

తలుపు తీశాక ఆకులోది అందరికీ తలా కొంచెం పెట్టాను. నా కళ్ళు అత్తమ్మ నోటి మీదే ఉన్నాయి. పళ్ళు లేని మనిషి, నెమ్మదిగా నమిలింది. మింగింది. "ఉప్పు సరిగ్గా కుదిరిందే" అంది. తరవాత కళ్ళు ఒత్తుకుని, పళ్ళెం నా ముందుకి జరిపింది. "ఇంకోటెయ్యి. నువ్వూ కూకుని తిను."

కూర్చున్నాను. ఈ ఏడాదంతా నేను పొయ్యి దగ్గర నిలబడి ఏదో ఇంత నోట్లో వేసుకున్నాను తప్ప, పళ్ళెం పెట్టుకుని తిన్నది లేదు. తినడమంటే దాన్ని వదిలేసి ముందుకి పోవడం అనిపించేది. ఆ రోజు దాని ఆకులోది దాని అన్నదమ్ములతో కలిసి తింటుంటే అలా అనిపించలేదు. దాని నోటికి నచ్చిన రుచి నా నోటికీ తెలిసింది. ఇక ముందు అది చెప్పిన మాట తలుచుకున్నప్పుడు, అది ఏం చెబుతోందో నాకు పూర్తిగా అర్థమవుతుంది. ఒక తల్లికి అంతకన్నా ఏం కావాలో నాకు తెలియదు. కావలసింది ఒకటుంది, అది ఎవరూ ఇవ్వలేరు.

మీరు ఇంట్లో చేసుకునేట్టయితే ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. క్యాబేజీని నీళ్ళన్నీ కారిపోయేదాకా గట్టిగా పిండండి. లోపల తడి ఉంటే అంచు ఎంత గట్టిగా మూసినా పెనం మీద విడిపోతాయి.

ఈ పేజీ చదివే పిల్లల్లో హాస్టళ్ళలో, రూముల్లో ఉండేవాళ్ళు చాలామంది ఉన్నారని మీ మాటల్ని బట్టి తెలిసింది. ఊళ్ళు తిరగండి. డ్యూటీ ఉందని, టైము లేదని పస్తులు ఉండకండి. వేళకి కడుపునిండా తినండి, నాయనా.